జన్యువుల్లోనే ఉంటే ఇక ఇన్‌హేలర్ ఎందుకు?

ప్రశ్న: మాది అనంతపురం. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా బాబుకి తొమ్మిదేళ్లు. ఆరో ఏట నుంచి ఉబ్బసం. డాక్టరుగారు రెండు ఇన్‌హేలర్లు రాశారు. నీలం రంగుది కొడితే పది నిమిషాల్లో తేలికపడతాడు. రెండోది స్టెరాయిడ్‌ది, రోజూ రెండు పూటలా వాడమన్నారు. నెల వాడాం. దగ్గు పూర్తిగా తగ్గింది కదా అని మానేశాం. నీలందే అప్పుడప్పుడూ, వారానికి మూడు నాలుగు సార్లు, ఇస్తూ వచ్చాం. మొన్న డిసెంబరు చలికి అర్ధరాత్రి నెబ్యులైజర్ కోసం ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సి వచ్చింది. మా నాన్నగారికి ఉబ్బసం ఉండేది. "ఇది మీ పుట్టింటి రక్తం" అని మా అత్తగారు అంటారు. మావారికి పొద్దున్నే తుమ్ములు తప్ప ఏ జబ్బూ లేదు. టెన్షన్ ఆపుకోలేక ఆన్‌లైన్‌లో జన్యు పరీక్ష చేయిస్తే ఓఆర్‌ఎండీఎల్3 అనే జన్యువు దగ్గర 'రిస్క్' ఉందని వచ్చింది. ఉబ్బసం ఉన్నవాళ్ల శ్వాసనాళాల్లో కొన్ని జన్యువులు 'పెరుగుతాయి' అని ఒక పరిశోధన వ్యాసంలోనూ చదివాను. జన్యువుల్లోనే ఉన్నప్పుడు రోజూ స్టెరాయిడ్ పీల్చి ఏం లాభం? ఎత్తు పెరగడేమోనని కూడా భయంగా ఉంది. జూన్‌లో హైదరాబాద్ చేప మందుకి తీసుకెళ్దామంటున్నారు ఇంట్లో. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాను. ఇదే ఊళ్లో ఒక ల్యాబులో శ్వాసనాళాల కణాలు పెంచి, వాటిలో ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేస్తోందో కొలవడం నా ఉద్యోగం. మందు ఏది, డోసు ఎంత అన్నవి మీ డాక్టరుగారే చెప్పాలి. కానీ 'జన్యువుల్లోనే ఉన్నప్పుడు ఏం లాభం' అన్న మీ ప్రశ్న మాత్రం రోజూ నా బల్ల మీద ఉండేదే.

మీరు చేయించిన పరీక్షా, మీరు చదివిన వ్యాసమూ ఒకే సంగతి చెబుతున్నాయనుకున్నారు. మీ టెన్షన్ సగం అక్కడే మొదలైంది. పరీక్ష చూసింది బాబుకి పుట్టుకతో వచ్చిన డీఎన్‌ఏని. అది వాడికి ఎనభై ఏళ్లొచ్చినా అలాగే ఉంటుంది. వ్యాసం రాసినవాళ్లు చూసింది వేరు. ఆ డీఎన్‌ఏలో ఏ భాగాన్ని కణం ఇవాళ వాడుకుంటోంది, ఎంత జోరుగా వాడుకుంటోంది అన్నది. మనిషికి ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20,000 ఉన్నాయి. కంటి కణంలోనూ కాలేయం కణంలోనూ అవన్నీ ఉంటాయి. ఒక్కో కణం తనకు కావలసినవాటినే పనిలో పెట్టి తక్కినవాటిని పడుకోబెడుతుంది. జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటే ఇంతే. వ్యాసంలో జన్యువులు 'పెరిగాయి' అన్నారంటే ఉన్న జన్యువే మామూలు కన్నా ఎక్కువగా పనిచేస్తోందని అర్థం. ఈ పెరగడం, తగ్గడం గంటల్లో, రోజుల్లో జరిగిపోతుంటాయి. జలుబు చేస్తే కొన్ని పెరుగుతాయి, మందు పీలిస్తే కొన్ని తగ్గుతాయి.

ఓఆర్‌ఎండీఎల్3 సంగతి కూడా చూద్దాం. 17వ క్రోమోజోము మీద ఆ చోటుకీ చిన్నతనంలో వచ్చే ఉబ్బసానికీ సంబంధం ఉందని 2007లో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఆ తరువాత వేరే దేశాల పిల్లల్లోనూ అదే తేలింది కాబట్టి సంబంధం నిజమే. అయితే అదే మార్పు ఉండి, జన్మలో ఒక్కసారి కూడా పిల్లికూతలు రాని మనుషులు కోకొల్లలు. ఉబ్బసంతో ముడిపడ్డ ఇలాంటి చోట్లు ఇప్పటికి వందకు పైగా బయటపడ్డాయి. ఒక్కొక్కటీ రిస్కును కాస్తంత జరుపుతుంది, అంతే. అచ్చంగా ఒకే డీఎన్‌ఏతో పుట్టిన కవలల్లో కూడా ఒకరికి ఉబ్బసం ఉండి రెండోవారికి లేని జంటలు బోలెడు. ఆ రిపోర్టు చూసి మీ డాక్టరుగారు మార్చే మందు ఏదీ లేదు. డబ్బులు ఎలాగూ పోయాయి, ఆ కాగితాన్ని ఫైల్లో అడుగున పడేయండి.

జన్యువులు ఒకటే అయినా వాటి పని ఎంత వేరుగా ఉండొచ్చో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో అమిష్, హటరైట్ అని రెండు వ్యవసాయ సమాజాలున్నాయి. ఇద్దరి పూర్వీకులూ యూరప్ నుంచి వలస వెళ్లినవాళ్లే, జన్యువులు చూస్తే దగ్గరివాళ్లే. తిండి, టీకాలు, తల్లిపాలు, ఇంటినిండా పిల్లలు, ఇవన్నీ కూడా ఇంచుమించు ఒకటే. అమిష్‌వాళ్లు పాత పద్ధతిలో ఇంటి పక్కనే పాడి పశువులు పెట్టుకుని బతుకుతారు, పిల్లలు పాకే వయసు నుంచీ ఆ కొట్టాల్లోనే తిరుగుతారు. హటరైట్‌లది యంత్రాలతో చేసే పెద్ద సేద్యం, పశువులు ఇళ్లకు దూరంగా ఉంటాయి. బడి ఈడు పిల్లల్లో ఉబ్బసం అమిష్‌లలో 5 శాతం, హటరైట్‌లలో 21 శాతం. 2016లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చిన అధ్యయనంలో రెండు వైపుల నుంచీ ముప్ఫయ్యేసి మంది పిల్లల రక్తం తీసి తెల్లకణాల్లో జన్యువుల పని కొలిచారు. అమిష్ పిల్లల్లో ఏ20 అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు ఎక్కువగా పనిచేస్తోంది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ని, అంటే వాపును, రేపే సంకేతాల్లో ఎన్‌ఎఫ్-కప్పా-బీ ముఖ్యమైనది. దాన్ని అదుపులో పెట్టేవాటిలో ఈ ఏ20 ఒకటి. రెండు రకాల ఇళ్ల దుమ్మునూ తెచ్చి ఎలుకల ముక్కుల్లో వేస్తే, అమిష్ ఇళ్ల దుమ్ము వాటిని ఉబ్బసం లాంటి జబ్బు నుంచి కాపాడింది, హటరైట్ దుమ్ము కాపాడలేదు.

ఇది చదివి అనంతపురం వెళ్లి ఆవును కొనుక్కురావద్దు. జబ్బు స్థిరపడ్డాక పేడదుమ్ము మందు కాదు సరికదా, ఆయాసం తెప్పించినా తెప్పిస్తుంది.

అంత దూరం ఎందుకు, మన ఊరి లెక్కే చూడండి. పిల్లల ఊపిరితిత్తుల వైద్యులు డాక్టర్ హెచ్. పరమేశ్ బెంగళూరులో తమ ఆసుపత్రికి వచ్చే పిల్లల్లో ఉబ్బసం ఎందరికుందో ఏళ్ల తరబడి లెక్క కట్టారు. 1979లో 9 శాతం ఉన్నది 1999 నాటికి 29.5 శాతం అయింది. ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్క కాబట్టి ఊరంతటికీ అంతే అనుకోకూడదు. జబ్బును గుర్తుపట్టడం పెరగడం వల్ల వచ్చిన పెరుగుదల కూడా అందులో కొంత ఉండొచ్చు. అవన్నీ తీసేసినా ఇరవై ఏళ్లలో మూడింతలు అన్నది చిన్న సంగతి కాదు. ఇరవై ఏళ్లలో ఊరి రక్తం మారిపోదు. మారింది గాలి, బళ్ల రద్దీ, కట్టే ఇళ్లు, పిల్లలు ఆ ఇళ్లలో గడిపే తీరు.

ఇక మీ అత్తగారి మాట. మీ నాన్నగారి వైపు నుంచి కొంత వచ్చి ఉండొచ్చు, కాదనను. అమ్మానాన్నల్లో, తాతల్లో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ బాబుకి సగం జన్యువులు వాళ్ల నాన్నవి. రోజూ పొద్దున లేవగానే తుమ్ములంటే చాలామటుకు అది ముక్కు అలర్జీ అయి ఉంటుంది. ముక్కులో అలర్జీ, ఛాతీలో ఉబ్బసం ఒకే తెగవి, దాదాపు ఒకే సంకేతాల మీద నడుస్తాయి. 'తుమ్ములు తప్ప ఏ జబ్బూ లేదు' అని మీరే రాశారు చూడండి! మీవారి ఖాతాలో పడాల్సింది కూడా మీ ఖాతాలోనే రాసేసుకున్నారు. ఆయన్ని కూడా ఒకసారి డాక్టరుకి చూపించండి. తుమ్ములకు మంచి మందులున్నాయి, ఇంట్లో ఇంకొకరి మీద వేలు చూపించే పని కూడా కాస్త తగ్గుతుంది.

అసలు విషయానికి వస్తాను. మా ల్యాబులో చేసే పని ఒకటి మీరు చూస్తే బాగుండేది. రూపాయి బిళ్లంత వెడల్పున్న ప్లాస్టిక్ గిన్నె, దానికి సన్నటి రంధ్రాల పొర అడుగు. ఆ పొర మీద శ్వాసనాళపు కణాలు. కింద పోషకాల ద్రవం, పైన ఉత్త గాలి. మూడు నాలుగు వారాలు ఓపిగ్గా పెంచితే కణాలు ఛాతీలో ఉన్నట్టే అమరుతాయి. మైక్రోస్కోపులో చూస్తే వాటి మీద సన్నటి నూగు ఒకే వైపుకి కొట్టుకుంటూ కనిపిస్తుంది. దుమ్మునీ తెమడనీ గొంతు వైపు నెట్టేది ఆ నూగే. ఇప్పుడు కింది ద్రవంలో ఐఎల్-13 అనే సంకేత ప్రోటీన్‌ని నానోగ్రాముల్లో కలుపుతాం. ఒకటి రెండు వారాలు గడిచేసరికి నూగు కణాలు తగ్గి, జిగురు ఊరే గాబ్లెట్ కణాలు ఎక్కువవుతాయి. పైన కడుగుదామని పిపెట్ పెడితే జిగురు తీగలు సాగుతూ వస్తుంది, ఒక్కోసారి పిపెట్ మూతికి అడ్డం పడుతుంది. తెమడకు కావలసిన ఎంయూసీ5ఏసీ అనే జన్యువు పనిని కొలిస్తే ఎన్నో రెట్లు పెరిగి ఉంటుంది. ఏ ఉబ్బసమూ లేని మనిషి కణాలతో మొదలుపెట్టినా ఇదే జరుగుతుంది. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారలేదు. వచ్చిన సంకేతం మారింది.

మరి బాబు ఛాతీలోకి ఈ ఐఎల్-13 ఎక్కడి నుంచి వస్తుంది? పరుపులో ఉండే డస్ట్ మైట్ పురుగుల రెట్ట, బొద్దింకల పొట్టు, జలుబు వైరస్, దోమలబత్తి పొగ, ఇలాంటిదేదో శ్వాసనాళం లోపలి పొరను తాకుతుంది. ఆ పొరలోని కణాలు ఊళ్లో దండోరా వేసినట్టు టీఎస్‌ఎల్‌పీ, ఐఎల్-33, ఐఎల్-25 అనే ప్రోటీన్లను వదులుతాయి. అది విని టీహెచ్2, ఐఎల్‌సీ2 అనే తెల్లకణాలు మూడు సంకేతాలు తయారుచేస్తాయి. ఐఎల్-4 వల్ల అలర్జీకి మూలమైన ఐజీఈ అనే యాంటీబాడీ పెరుగుతుంది. ఐఎల్-5 ఇయోసినోఫిల్ అనే ఒక రకం తెల్లకణాలను పెంచి వాటి ఆయుష్షు పొడిగిస్తుంది. ఐఎల్-13 తెమడను పెంచి, నాళం చుట్టూ ఉండే కండరం చిన్నదానికీ పెద్దదానికీ బిగుసుకునేలా చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కాసేపటికి ఇదంతా చల్లబడుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లల్లో చాలామందికి దగ్గు లేని రోజున కూడా లోలోపల సన్నగా సాగుతూనే ఉంటుంది. మీరు మందు మానేసిన రోజున బాబు ఛాతీలో ఉన్న పరిస్థితి ఇదే అయి ఉంటుంది.

ఇప్పుడు ఆ రెండు ఇన్‌హేలర్లు. నీలం రంగు దాంట్లో ఉండేది సాల్బుటమాల్. అది కండరం మీద సంకేతాలు అందుకునే బీటా-2 రిసెప్టర్‌ని పట్టుకుని బిగిసిన కండరాన్ని వదులు చేస్తుంది. నిమిషాల్లో పని మొదలవుతుంది, నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. లోపలి వాపుని అది ముట్టుకోదు. ఐఎల్-13కి సాల్బుటమాల్ వచ్చిన సంగతే తెలియదు. అందుకే పిల్లాడు తేలికపడతాడు, జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

స్టెరాయిడ్ దారి వేరు. అది కణంలోకి దూరి, లోపల తన కోసం కాచుకుని ఉన్న రిసెప్టర్‌ని పట్టుకుని, ఇద్దరూ కలిసి కేంద్రకంలోకి వెళతారు. వాపును రేపే జన్యువుల పనిని అక్కడ తగ్గిస్తారు, వాపును అణిచే జన్యువుల పనిని పెంచుతారు. పైన చెప్పిన ఎన్‌ఎఫ్-కప్పా-బీ జోరు తగ్గేదీ ఇక్కడే. బీటా-2 రిసెప్టర్‌ని తయారుచేసే జన్యువు కూడా దీనివల్ల పుంజుకుంటుంది, అంటే నీలం మందు పనిచేయడానికి కావలసిన సరంజామాను కూడా ఇదే చూసుకుంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లో ఒక పని చేశారు. మనుషుల శ్వాసనాళాల్లోకి గొట్టం దింపి, సన్నటి బ్రష్‌తో కణాలు తీసి, వేలాది జన్యువుల పనిని ఒకేసారి కొలిచారు. ఉబ్బసం ఉన్నవాళ్లలో సీఎల్‌సీఏ1, పెరియోస్టిన్, సెర్పిన్‌బీ2 అనే మూడు ఎక్కువగా పనిచేస్తున్నాయి. మూడూ ఐఎల్-13 మాట వినేవే. పీల్చే స్టెరాయిడ్ ఇచ్చాక మూడూ తగ్గాయి. మీరు చదివిన వ్యాసం ఈ కోవలోదే అయి ఉంటుంది.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. జబ్బు జన్యువుల పనిలో ఉంది, ఆ మందు పనిచేసేదీ జన్యువుల పని మీదే. జన్యువులకు సంబంధించిన జబ్బు కాబట్టి మందు దండగ అనుకున్నారు మీరు, ఉన్న మాట చూస్తే అందుకే ఆ మందు.

అయితే ఇది ఆలస్యంగా పనిచేస్తుంది. ఒక జన్యువు పని తగ్గినా అప్పటికే తయారైన ప్రోటీన్లు అరిగిపోవాలి, వచ్చి చేరిన ఇయోసినోఫిల్స్ చచ్చిపోవాలి, గాబ్లెట్ కణాలు పలచబడాలి. దగ్గు కొద్ది రోజుల్లో, వారాల్లో తగ్గుతుంది. చలిగాలి తగిలితే నాళం బిగుసుకునే గుణం తగ్గడానికి నెలలు పడుతుంది. మీరు ఆపింది ఈ రెండింటికీ మధ్యలో. మందు ఆగాక వాపు కొన్ని వారాల్లో మెల్లగా తిరిగి లేస్తుంది, ఆ లేవడం పైకి ఏమీ కనిపించదు. అంతలో చలి, దాంతో జలుబు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఉబ్బసాన్ని చెరిపేయదు. అమెరికాలో పిల్లల మీద ఏళ్ల తరబడి చేసిన క్యాంప్ అనే అధ్యయనంలో, వాడినన్నాళ్లు మంచి గుణం కనిపించింది, ఆపాక ఆ తేడా నిలవలేదు. కాబట్టి 'కోర్సు పూర్తయింది' అనే రోజు ఈ మందుకు ఉండదు. అలాగని జన్మంతా ఇదే డోసూ కాదు. మూడు నెలలు దగ్గు, ఆయాసం లేకుండా నిలకడగా ఉంటే డాక్టర్లు మెట్టు మెట్టుగా డోసు తగ్గిస్తూ చూస్తారు. చాలామంది పిల్లలకు పెద్దవుతున్న కొద్దీ తగ్గుతుంది కూడా. డోసు తగ్గించడం ఒకటి, ఒక ఆదివారం మానేయడం ఇంకొకటి.

నీలం మందు ఒక్కటే వాడుతూ నెట్టుకురావడం గురించి మీరు మామూలుగా రాసేశారు గానీ, మీ ఉత్తరంలో నాకు ఎక్కువ కంగారు పుట్టించింది అదే. ఉబ్బసం చికిత్సకు ప్రపంచమంతా చూసే జీనా మార్గదర్శకాలు 2019 నుంచి పెద్దవాళ్లలో, కౌమారంలో ఉన్నవాళ్లలో సాల్బుటమాల్ ఒక్కదానితో చికిత్స వద్దంటున్నాయి. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు కూడా ఏదో ఒక రూపంలో పీల్చే స్టెరాయిడ్ ఉండాలనే అంటాయి. 200 డోసుల సాల్బుటమాల్ డబ్బాలు ఏడాదికి మూడు, అంతకు మించి ఖర్చవుతున్నాయంటే ఎమర్జెన్సీకి వెళ్లే ప్రమాదం పెరిగినట్టు లెక్క. ఇంట్లో ఎన్ని ఖాళీ డబ్బాలున్నాయో ఒకసారి చూసుకుని ఆ సంఖ్య డాక్టరుగారికి చెప్పండి.

ఎత్తు గురించి భయం ఉత్తదేం కాదు. అదే క్యాంప్ అధ్యయనంలో రోజుకు 400 మైక్రోగ్రాముల బ్యుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ నాలుగు నుంచి ఆరేళ్లు పీల్చిన పిల్లలు పెద్దయ్యాక, పీల్చనివాళ్ల కన్నా సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా తేలారు. ఆ తేడా మొదటి రెండేళ్లలోనే వచ్చింది, ఆ తరువాత పెరుగుతూ పోలేదు. ఇప్పుడు రెండో వైపు చూడండి. మీ బాబుకి రోజుకు 200 మైక్రోగ్రాములు రాశారనుకుందాం. ఏడాదికి 73 మిల్లీగ్రాములు అవుతుంది. మొన్న లాంటి రాత్రి తరువాత రోజుకు 30 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఐదు రోజులు మింగిస్తే 150 మిల్లీగ్రాములు. రెండేళ్లలో పీల్చేదానికి మించి ఐదు రోజుల్లో, అదీ రక్తం ద్వారా ఒళ్లంతా. రెండు మందుల బలం ఒకటి కాదు కాబట్టి ఇది కచ్చితమైన తూకం అని చెప్పను. కానీ ఎటు భయపడాలో తెలుస్తుంది. ఆయాసంతో నిద్ర లేని, ఆడుకోలేని పిల్లాడు కూడా సరిగ్గా పెరగడు. ఆరు నెలలకోసారి గోడ దగ్గర నిలబెట్టి ఎత్తు కొలిచి డాక్టరుగారికి చూపిస్తూ ఉండండి, చాలు.

అందరి ఉబ్బసమూ ఒకటి కాదన్నది కూడా తెలిసి ఉండాలి. అదే శాన్‌ఫ్రాన్సిస్కో బృందం 2009లో చూస్తే, స్టెరాయిడ్ వాడని తేలికపాటి ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లలో దాదాపు సగం మందికే ఈ ఐఎల్-13 తరహా వాపు ఉంది. పీల్చే స్టెరాయిడ్‌తో ఊపిరి బలం పెరిగింది వాళ్లకే. మీ బాబు నెల రోజుల్లో బాగా తేరుకున్నాడంటే వాడిది ఈ తరహాదే అయ్యే అవకాశం ఎక్కువ. ఊహతో పని లేకుండా చూడాలంటే రక్తంలో ఇయోసినోఫిల్స్ లెక్క, ఫెనో అనే పరీక్ష ఉన్నాయి. ఫెనో నాకు ముచ్చటైన పరీక్ష. గొట్టంలోకి నిదానంగా పది సెకన్ల లోపు ఊదితే ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంత ఉందో చెబుతుంది. ఐఎల్-13 తగిలినప్పుడు శ్వాసనాళం పొరలో ఎన్‌ఓఎస్2 అనే జన్యువు పని పెరిగి ఈ వాయువు ఎక్కువ తయారవుతుంది. సూది లేదు, గొట్టం దింపడం లేదు, పిల్లాడు ఊదితే వాడి జన్యువు ఒకటి ఎంత పనిచేస్తోందో మీటరు మీద పడుతుంది. పిల్లల్లో 35 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో ఎన్ని అనే కొలత) దాటితే ఎక్కువ, 20 లోపు తక్కువ అంటారు. స్టెరాయిడ్ సరిగ్గా అందుతుంటే ఈ అంకె దిగుతుంది. మందు మానేసిన పిల్లల్లో మళ్లీ ఎక్కుతుంది, అమ్మకు చెప్పకుండా మానేసినా సరే. ఆ డబ్బు జన్యు పరీక్షకు పోయే బదులు దీనికి పోయి ఉంటే బాగుండేది. ఊదడం వచ్చిన పిల్లలకు ఊపిరి ఎంత బలంగా వదులుతున్నారో కొలిచే స్పైరోమెట్రీ కూడా చేస్తారు, తొమ్మిదేళ్లవాడు హాయిగా చేయగలడు. డుపిలుమాబ్, మెపోలిజుమాబ్ లాంటి ఇంజెక్షన్లు పైన చెప్పిన ఐఎల్ సంకేతాలనే అడ్డుకుంటాయి. అవి ఇన్‌హేలర్లు సరిగ్గా వాడినా లొంగని గట్టి జబ్బుకి. మీ గుమ్మం దాకా రావాల్సిన అవసరం ఇప్పుడైతే లేదు.

చేప మందు. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జనం బారులు తీరడం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే, మా బంధువుల్లోనూ వెళ్లొచ్చినవాళ్లున్నారు. బతికున్న చిన్న కొర్రమీను నోట్లో ముద్ద పెట్టి మింగిస్తారు. ఆ ముద్ద ఉబ్బసాన్ని తగ్గిస్తుందని సరైన పరీక్షల్లో తేలింది ఏమీ లేదు. మరి తగ్గిందనేవాళ్ల సంగతేంటి అంటారా? ఉబ్బసం తనంతట తానే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది, పిల్లల్లో వయసుతో తగ్గుతుంది. వరసగా మూడేళ్లు మింగించి, ఈలోగా పిల్లాడు పన్నెండో ఏట కాస్త మెరుగుపడితే ఆ పేరు చేపకు పోతుంది. నన్నడిగితే వద్దనే అంటాను. ఆయాసపడే తొమ్మిదేళ్లవాడి గొంతులో బతికున్న చేప అడ్డం పడితే అని ఒక భయం. ఆ తొక్కిసలాటలో జలుబు అంటించుకుని వస్తే అని ఇంకొకటి. పెద్దవాళ్ల మాట తీసేయలేక వెళ్లాల్సే వస్తే ఇన్‌హేలర్ మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి. నా భయం చేప కన్నా, చేప మింగాం కదా అని మానేసే మందు గురించి.

మందు వాడుతున్నా గుణం లేదనేవాళ్లలో చాలామంది నోట్లోకి కొడుతున్నారు, ఛాతీలోకి వెళ్లడం లేదు. ఇన్‌హేలర్‌కి తగిలించే బోలు గొట్టాన్ని స్పేసర్ అంటారు, అది లేకుండా పిల్లలకు ఇవ్వొద్దు. డబ్బా బాగా ఊపి, ఒక్క పఫ్ కొట్టి, స్పేసర్‌లోంచి ఐదారు సార్లు నిదానంగా పీల్చనివ్వాలి. రెండో పఫ్ కోసం మళ్లీ ఊపాలి. రెండూ ఒకేసారి కొట్టేస్తే సగం గోడలకే అంటుకుంటుంది. స్పేసర్‌ను సబ్బు నీళ్లలో ముంచి తీసి అలాగే ఆరనివ్వండి, గుడ్డతో తుడిస్తే లోపల స్టాటిక్ పుట్టి మందును లాక్కుంటుంది. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. పళ్లు తోముకునే ముందు ఇన్‌హేలర్ పెట్టుకుంటే ఇది విడిగా గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

ఇంట్లో చేయాల్సినవి మీకు తెలిసే ఉంటాయి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతకడం, పరుపుకి మైట్ కవరు, దోమలబత్తి బదులు దోమతెర. సాంబ్రాణి, అగరుబత్తి మీ అత్తగారితో మాట్లాడాల్సిన విషయం, ఆ రాయబారం మీవారికి అప్పగించండి. బెంగళూరు చల్లగా, తేమగా ఉండే ఊరు, అనంతపురం ఎండకు చచ్చే మైట్లు ఇక్కడ సుఖంగా బతుకుతాయి. 'ఊరెళితే బాగుంటాడు' అని చాలామంది చెప్పేది ఊరికే కాదు.

ఇవి మాత్రం ఆలోచించకుండా చేయాలి. పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నా, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, నీలం ఇన్‌హేలర్ ఇచ్చినా తేరుకోకపోయినా, అది ఇచ్చుకుంటూనే ఆసుపత్రికి బయల్దేరాలి. తెల్లారనిద్దాం అనుకోకూడదు.

ఈ వారమే డాక్టరుగారి దగ్గరికి వెళ్లండి. రెండో ఇన్‌హేలర్ నెలకే మానేశామని దాచకుండా చెప్పండి. చెప్పకపోతే మందు పనిచేయలేదనుకుని ఆయన డోసు పెంచుతారు. ఫెనో, స్పైరోమెట్రీ అవసరమా అని అడగండి. ఏ రోజు ఏ ఇన్‌హేలర్ ఎంత, దగ్గు మొదలైతే ఏం పెంచాలి, ఎప్పుడు పరిగెత్తాలి అన్నది ఒక కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి, అర్ధరాత్రి కంగారులో ఎవరికీ ఏదీ గుర్తుండదు. ఆ కాగితం జిరాక్స్ ఒకటి, పేరు రాసిన నీలం ఇన్‌హేలర్, స్పేసర్ బడిలో క్లాస్ టీచరుకి ఇవ్వండి. ఆటల పీరియడ్ ముందు ఇవ్వాలా వద్దా అన్నది కూడా అందులో రాయించండి.